అరవని బండి

పోయిన వారం మా ఆఫీసుకు ఒకాయన యు.పి.ఎస్. బ్యాటరీలు అమ్మడానికి వచ్చాడు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో నా ఉద్యోగం కొనడం. కుర్చీల నుంచి కాఫీ గింజల దాకా కంపెనీకి ఏది కావాలన్నా ముందు నా బల్ల దగ్గర బేరం తెగాలి. ఆయన నమూనా బ్యాటరీని కాసేపు నడిపించి, దాని గుణగణాలు వర్ణిస్తున్నాడు. నేను వింటూ వింటూ, నాకే తెలియకుండా అరచేతిని వెనక్కి తిప్పి, చంటిపిల్ల నుదురు చూసినట్టు దాని పక్కకు ఆనించాను.

"దీనికి జ్వరమున్నది," అన్నాను.

ఆయన నవ్వాడు. తర్వాత తనూ చెయ్యి పెట్టి చూసి నవ్వు ఆపాడు. "ఎవరు నేర్పారు సార్ మీకిది?" అని అడిగాడు.

క్యాజువాలిటీలో పనిచేసే ఒక నర్సమ్మ నేర్పింది, అది కూడా మాన్‌స్టర్ ట్రక్కుల మీద నేర్పింది అని చెబితే, బేరంలో నాకున్న కాస్త పరువూ పోతుంది. అందుకని కళ్ళద్దాలు సర్దుకున్నాను. కానీ ఆ పూటంతా సిస్టర్ నా వెంటే తిరిగారు.

మా గుంపులో అందరం ఆమెను సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. పేరు అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

మాన్‌స్టర్ ట్రక్కంటే పిల్లల బొమ్మ అనుకునేవారికి ఒక్క మాట. మూరకు కొంచెం ఎక్కువ పొడవుండే బండి, కొబ్బరికాయలంతేసి టైర్లు, చేతిలో రిమోట్. మీట నొక్కితే మట్టికుప్ప మీదికి దూకి, మనిషెత్తున గాలిలో తేలి, అవతల పడి మళ్ళీ పరుగెత్తుతుంది. కొనుక్కుని ఆడేవాళ్ళూ ఉంటారు. మాలాంటి పిచ్చివాళ్ళు ముక్కలు ముక్కలుగా తెచ్చుకుని సొంతంగా కట్టుకుంటారు. వారమంతా కట్టింది ఆదివారం సాయంత్రానికి విరగ్గొట్టుకుని, విరిగిన ముక్కలు సంచీలో వేసుకుని, ఇంటికి ఆనందంగా వెళతారు. ఈ ఆనందం మా ఆవిడకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మా మైదానం ప్రగతి నగర్ అవతల. ఎవరో అపార్టుమెంట్ల కోసం సెల్లార్ తవ్వి, తగాదా వచ్చి ఆపేశారు. తవ్విన ఎర్రమట్టి కుప్పలుకుప్పలుగా ఉండిపోయింది. భాగస్తుల కొట్లాట తెగనంతకాలం మాకు పండగే. మట్టిని చదును చేసి, వంపులు తీసి, సున్నంతో గీత గీశాం. ఓ పక్కన పేర్చి వదిలేసిన సిమెంటు ఇటుకల దిమ్మె ఉంది. రిమోట్లు పట్టుకుని దాని మీద నిలబడేవాళ్ళం.

ఆదివారం చర్చి నుంచి సిస్టర్ నేరుగా అక్కడికే వచ్చేవారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర, తలలో ఒక తెల్ల పువ్వు. ఆటోలోంచి ముందు ఒక నీలం తొట్టి దిగేది, తర్వాత ఆమె దిగేవారు. పసిపిల్లలకు నీళ్ళు పోసే ప్లాస్టిక్ తొట్టి అది. అందులో మెత్తటి తువ్వాలు, తువ్వాలు మీద బండి. తెల్లరంగు, నడుము చుట్టూ ఎర్ర గీత, అంబులెన్సులా ఉండేది. పక్కన స్టీలు డబ్బాలో పనిముట్లు. మేము స్క్రూడ్రైవర్లతో కుస్తీ పట్టే చోట ఆమె ఆపరేషన్ గదిలో వాడే పొడుగు చిమటాతో బియ్యపు గింజంత నట్టును పట్టుకుని ఠక్కున కూర్చోబెట్టేవారు. చక్రాల పైన కుదుపు తట్టుకునే షాకుల్లో మేము నూనె పోస్తే సగం చేతుల మీదే పడేది. ఆమె కొత్త సిరంజితో, గాలి బుడగ లేకుండా, సూది మందు ఎక్కించినట్టు ఎక్కించేవారు. అయ్యాక షాకును రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి, "ఊపిరి బానే తీసుకుంటోందండి," అనేవారు.

బండి ఒక చుట్టు తిరిగొస్తే చాలు, చేతి వెనకవైపు మోటారు మీద పెట్టేవారు. వేడి కొలిచే మీటర్లు మా దగ్గర ఉన్నాయి. నేనొకటి బేరమాడి కొన్నాను కూడా. ఆమె దానివైపు చూడను కూడా చూడలేదు. "జ్వరం ఉంది, కాసేపు పడుకోబెట్టండి," అంటే బండి తువ్వాలు మీదికి చేరాల్సిందే. పడుకోబెట్టకుండా మళ్ళీ తోలినవాడి మోటారు కమురు కంపు కొడితే ఏమీ అనేవారు కాదు. చల్లటి మజ్జిగ సీసా ఇచ్చేవారు, వాడికే.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందని ఎవరైనా అడిగితే మనిషికో జవాబు. మల్లేశ్‌తో, తమ్ముడి బండి బాగుచేయబోయి అలవాటైందన్నారు. నాతో, డాక్టర్లకన్నా ఇవి చెప్పినమాట వింటాయన్నారు. మల్లేశ్ జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టు ఇంచార్జి, మా గుంపుకు పెద్దనోరు. మేమిద్దరం జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకుని, ఇంకోసారి అడిగితే మూడోది వస్తుందని తెలిసి వదిలేశాం.

నా కన్ను ఆ తెల్లబండి మీద పడింది. మా బండ్లు కుప్ప దూకితే ముక్కు మీదో వీపు మీదో పడతాయి. ఆ బండి ఎంత ఎత్తు ఎగిరినా నాలుగు చక్రాల మీద, గోడ దూకిన పిల్లిలా దిగేది. రహస్యమంతా ఆ బండిలోనే ఉందని నా నమ్మకం. మా నాన్నది స్టీలు సామాను దుకాణం, మేనమామలది బట్టల కొట్టు, బాబాయిది కిరాణా. మంచి సరుకు వేరేవాళ్ళ దగ్గరుంటే నిద్రపట్టని రక్తం నాది.

"సిస్టర్, ఈ బండి నాకియ్యుండ్రి."

"అమ్మనండి."

"అమ్మనంటే, ఎంతకు అమ్మనంటున్నరు?"

ఆమె నావైపు ఒకసారి చూసి మళ్ళీ నట్లు బిగించుకున్నారు. పక్కనుంచి మల్లేశ్ అందుకున్నాడు.

"సిస్టర్, అన్నతోని జర పైలంగుండుండ్రి. సొంత పెండ్లిల పంతులుతోని ముహూర్తం గుడ బేరమాడిండు."

"జర ముందుకు జరుపుమన్న, అంతే గదరా."

"జరిపారాండీ?" అని సిస్టర్ తలెత్తకుండానే అడిగారు.

"జరిపిండు. వానల తడిసిండ్రందరు," అన్నాడు మల్లేశ్.

మా పందేల్లో ఒక పద్ధతుంది. ఇద్దరు తోలుతున్నప్పుడు మిగిలినవాళ్ళు దారి పక్కన నిలబడాలి. బండి పల్టీ కొడితే వాళ్ళు పరుగెత్తి దాన్ని లేపి, దాని ముఖం దారివైపు తిప్పి వదలాలి. రిమోట్ పట్టుకున్నవాళ్ళు ఏమైనా సరే దిమ్మె దిగకూడదు, దిగితే ఆట పోయినట్టే. మనకు పోటీ అయినవాడి బండిని లేపాల్సి వచ్చినప్పుడు మాకందరికీ కాళ్ళు కాస్త బరువెక్కేవి. సిస్టర్‌కు మాత్రం అప్పుడే రెక్కలొచ్చేవి. ఒక చెయ్యి కిందనుంచి, ఒక చెయ్యి పైనుంచి, పురుడు పోసినట్టు ఎత్తి నిలబెట్టేవారు.

ఒకసారి రెండు బండ్లు ఒకేసారి పడ్డాయి. ఒకటి వెల్లకిలా పడి నాలుగు చక్రాలూ గిర్రున తిరుగుతూ కేకలు పెడుతోంది. దాని యజమాని, అంటే నేను, దిమ్మె మీద నుంచి దానికన్నా గట్టిగా కేకలు పెడుతున్నాను. రెండోది చప్పుడు లేకుండా పక్కకు ఒరిగి ఉంది. సిస్టర్ నా బండిని దాటుకుంటూ వెళ్ళి ఆ రెండోదాన్ని లేపారు. అప్పటికి నా పందెం అయిపోయింది.

"నాది దగ్గరుండె గద సిస్టర్," అని తర్వాత తగవు పెట్టుకున్నాను.

"క్యాజువాలిటీలో అంతేనండి. అరిచేవాళ్ళకి ఊపిరాడుతున్నట్టే లెక్క. అరవనివాళ్ళని ముందు చూడాలి." నన్ను ఎగాదిగా చూశారు. "మీ బండికేం కాలేదు. మీరే కాసిని నీళ్ళు తాగండి."

ఇలా ఎన్ని ఆదివారాలు ఆ బండిని అడిగానో నాకే తెలియదు. ఒకసారి పాత కూలర్ కలిపి ఇస్తానన్నాను. ఇంకోసారి మా అత్తగారి ఆవకాయ ఎరగా వేశాను. ఆవకాయ తీసుకున్నారు, బండి ఇవ్వలేదు. చివరికి ఒకరోజు ఆమే అన్నారు.

"పందెం వేద్దామాండీ? ఐదు చుట్లు. మీరు గెలిస్తే బండి ఊరికే పట్టుకెళ్ళండి. నేను గెలిస్తే నెల రోజులు మీరు బేరం ఆడకూడదు."

"ఎక్కడ?"

"ఎక్కడా. కొత్తిమీర కట్ట దగ్గర కూడా."

"ఆఫీసుల?"

"ఆఫీసులో కూడా."

"సచ్చినవ్ పో అన్నా," అన్నాడు మల్లేశ్ సంతోషంగా.

మా నాన్న ధర చెప్పాక నోరు విప్పేవాడు కాదు. ఎదుటివాడు తక్కెడ వైపు చూసినా, గుమ్మం దాకా వెళ్ళినా, మౌనంగా గిన్నెలు తుడుచుకునేవాడు. ఆ తర్వాత ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు బేరంలో దిగినట్టే. చిన్నప్పటి నుంచి చూసిన విద్య అది. అయినా నా నోరు ఆగలేదు.

"నెలంటే మస్తు ఎక్కువ సిస్టర్. వారం చేయుండ్రి."

సిస్టర్ తువ్వాలు మడతపెడుతున్నారు.

"పోనీ, రెండు వారాలు."

తువ్వాలు రెండో మడత పడింది.

"సరే. నెల."

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. మోటారు కొసనుండే చిన్న పళ్ళచక్రం తీసి దానికన్నా పెద్దది వేశాను. పెద్ద చక్రమేస్తే వేగం పెరుగుతుంది, మోటారుకు భారమూ పెరుగుతుంది. భారం లాగడానికి గట్టి బ్యాటరీ కావాలి. సిటీలో బజారుకెళ్ళి వాడేసిన బ్యాటరీ ఒకటి పట్టుకున్నాను. దాని పొట్ట కొంచెం ఉబ్బి ఉంది. ఆ ఉబ్బును పదిసార్లు చూపించి, మొహం చిట్లించి, దుకాణం మెట్లు రెండుసార్లు దిగి, ధర నేలకు దించాను. తగ్గిన ధరతో పాటు ఆ ఉబ్బు కూడా నాతోనే ఇంటికొస్తోందన్న ఆలోచన మాత్రం రాలేదు. దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాను.

ఆదివారం దిమ్మె మీద నేను, సిస్టర్. కింద మల్లేశ్ చెయ్యెత్తి దించాడు.

ఏమి పరుగది. మొదటి వంపులోనే నా బండి ఎర్రదుమ్ము లేపి తెల్లబండిని కమ్మేసింది. మొదటి కుప్ప మీద అది ఎగిరిన ఎత్తుకు నేనే దిమ్మె మీద ఒకడుగు వెనక్కి వేశాను. పడింది, తూలింది, నిలబడింది, మళ్ళీ ఉరికింది. రెండో చుట్టు, మూడో చుట్టు నేనే ముందు. వెనక తెల్లబండి తొందర లేకుండా, ఎక్కిన ప్రతి కుప్పా పిల్లిలా దిగుతూ వస్తోంది. నాలుగో చుట్టులో అది వంపు లోపలివైపు నుంచి దూరి నా పక్కకు వచ్చింది. రెండు బండ్లూ కలిసి గాలిలోకి లేచాయి. కింద గుంపంతా ఒకటే కేక. నా వేలు మీట మీద నుంచి కదల్లేదు. చివరి చుట్టు. వంపు తిరిగేసరికి మళ్ళీ నేనే ముందు. ఇంకొక్క కుప్ప, ఆ తర్వాత సున్నం గీత. తెల్లబండిని ఇంట్లో ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను, టీవీ పక్కన.

నా బండి కుప్ప మీద నుంచి లేచి, గాల్లో అడ్డంగా తిరిగి, గీత దగ్గరే ఎండుగడ్డిలో వీపు మీద పడింది.

మీట నొక్కాను. చక్రాలు తిరగలేదు. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. లేపాల్సిన మల్లేశూ మిగిలినవాళ్ళూ మైదానానికి అవతలి కొసలో ఉన్నారు. "మల్లేశూ, ఉరుకురా, ఉరుకు," అని గొంతు చించుకుంటున్నాను. ఈలోగా తెల్లబండి కుప్ప దూకి, మెత్తగా దిగి, గీత వైపు వచ్చింది. జానెడు దూరంలో ఆగిపోయింది.

నన్ను ఆడిస్తున్నారనుకున్నాను. పక్కకు చూస్తే దిమ్మె మీద సిస్టర్ లేరు. చెప్పులూ రిమోటూ ఉన్నాయి.

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఆమె గడ్డిలోకి పరుగెడుతున్నారు. నా బండి పక్కన కూలబడి, చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, వెంటనే తీసేశారు. పై తొడుగు ఊడబెరికారు. బొడ్లోంచి చిమటా తీసి వైరు లాగేశారు. కొంగు చేతికి చుట్టుకుని బ్యాటరీని ఎత్తి, దూరంగా ఉన్న ఇసుక గుట్ట మీదికి విసిరారు. అది పడ్డాక బుసకొట్టింది, పొగ కక్కింది, భగ్గున మండింది. గడ్డి అంటుకుని ఉంటే ఆ పక్కనే వాచ్‌మన్ వేసుకున్న రేకుల గది.

మేమంతా గుండ్రంగా నిలబడి ఆ మంటను చూశాం. సిస్టర్ మాత్రం నా బండిని చూస్తున్నారు.

"బండికేం కాలేదండి. బతికింది," అన్నారు.

మంట ఆరాక, నా రక్తం ఊరుకుంటుందా.

"సిస్టర్, ఒక్క మాట. మీరు గీత దాటలే. పైనుంచి దిమ్మె దిగిండ్రు. మన రూలు ప్రకారం చూస్తే..."

"అన్నా," అన్నాడు మల్లేశ్, "నీ బండి ఆర్పినందుకు ఆమె ఓడిందంటవా? నీకేమన్న సిగ్గున్నదా?"

"ఓడిందంటలేనురా. సమానమంటున్న. సగం నెల..."

సిస్టర్ దూదితో చిమటా తుడుచుకుంటున్నారు. కొంగు అంచు కొంచెం కమిలింది. ఆ కమిలిన అంచు, ఆ దూది, ఆ నిశ్శబ్దం. మా నాన్న కూడా అంతసేపు ఆగి ఉండడు.

"సరే సిస్టర్. నెల."

ఆ నెల ఎలా గడిచిందో చెప్పుకోకూడదు గానీ చెబుతాను. మియాపూర్‌లో మా వీధి చివర కూరగాయలమ్మే ఆమె ధర చెబితే, సరే అన్నాను. ఆమె తక్కెడ కింద పెట్టింది. "ఏమైంది సారూ, పాణం బాగలేదా? ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని జాలిపడి కొత్తిమీర కట్ట ఊరికే వేసింది. రెండో రోజు పుదీనా కూడా వేసింది. ఇరవయ్యేళ్ళు గొంతు చించుకుని సాధించలేనిది నోరుమూసుకుంటే సంచీలో పడింది.

కొత్త బ్యాటరీ కొనాల్సి వస్తే సిస్టర్ నాతో బజారుకు వచ్చారు, నా నోటికి కాపలాగా. దుకాణదారు ధర చెప్పాడు. నా నాలుక పళ్ళ మధ్య కొట్టుకుంటోంది. సిస్టర్ బ్యాటరీని చేతిలోకి తీసుకుని, చేతి వెనకవైపుతో నిమిరి, పొట్ట చూసి, బల్ల మీద పెట్టారు. ఊరుకున్నారు. అతను తనంతట తానే కొంత తగ్గించాడు. ఆమె దానివైపే చూస్తున్నారు. ఇంకొంత తగ్గించి, "ఇగ నాతోని గాదమ్మా," అన్నాడు.

"బాగుందండి, ఇవ్వండి," అన్నారు.

బయటికొచ్చాక అడిగాను. "సిస్టర్, మీది బేరాలాడే ఖాందానా?"

"అయ్యో, లేదండి. పేషెంట్ ఎక్కడ నొప్పో చెప్పేదాకా ఆగాలి కదా. మనం తొందరపడితే తప్పు చోటు చెబుతారు."

ఈసారి చలి మొదలయ్యే రోజుల్లో ఆమె రిటైరయ్యారు. మోకాళ్ళు ఆసుపత్రి నున్నటి గచ్చుకు అరిగిపోయాయి. చీరాలలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానని అందరికీ ఒకే జవాబు చెప్పారు. అందుకే నిజమని తెలిసింది.

చివరి ఆదివారం ఆటోను పంపకుండా నిలబెట్టించారు. నీలం తొట్టిని మోసుకొచ్చి, నా కారు బానెట్ మీద పెట్టారు. తువ్వాలు మీద తెల్లబండి, కడిగి తుడిచి ఉంది.

"ఇప్పుడు అడగండి," అన్నారు.

ఎన్ని ఆదివారాలు పాఠం అప్పజెప్పుకున్న మాటలో. ఒక్కటి రాలేదు. ఎంత అన్నా తక్కువే అవుతుంది, ఊరికే ఇవ్వండంటే సిగ్గు, వద్దంటే అబద్ధం. నోరు తెరిచి మూశాను. ఇది ఎత్తుగడ కాదు. ఎదురుగా సిస్టర్ కూడా ఊరుకున్నారు. ఆమెకు అది అలవాటే. ఇద్దరం ఆ ఎర్ర గీత వైపు చూస్తూ నిలబడ్డాం.

మా వెనక బండ్లు కుప్పలెక్కి అరుస్తున్నాయి. దబ్బుమని ఒకటి పడింది. చక్రాల గోల, దాని వెనక మల్లేశ్ గోల. "లేపుండ్రిరా, ఎవరన్న లేపుండ్రి." మేమిద్దరం తల కూడా తిప్పలేదు. అంతలో ఇంకోటి పడింది. పడ్డ చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ వినిపించలేదు.

ఇద్దరం ఒకేసారి అటు తిరిగాం. సెల్లార్ గుంత అంచున ఒక బండి కదలకుండా పడి ఉంది. మిగిలినవాళ్ళంతా మల్లేశ్ బండి వైపు పరుగెడుతున్నారు. సిస్టర్ ఒక అడుగు వేసి, మోకాలు పట్టుకుని ఆగిపోయారు.

"నావల్ల కాదండి. మీరు వెళ్ళండి," అన్నారు.

ఉరికాను. జారుతూ, దుమ్ము మింగుతూ, మల్లేశ్ తిట్లను దాటుకుంటూ ఉరికి ఆ బండి పక్కన కూలబడ్డాను. చెయ్యి వెనక్కి తిప్పి మోటారు మీద పెట్టాను. తర్వాత బ్యాటరీ మీద పెట్టాను. చల్లగానే ఉన్నాయి, ఉత్త వైరు ఊడింది, అంతే. ఒక చెయ్యి కిందనుంచి, ఒక చెయ్యి పైనుంచి ఎత్తి నిలబెట్టాను.

"జ్వరం లేదు సిస్టర్," అని చెయ్యెత్తి అరిచాను.

ఆటో అప్పటికే గల్లీ మలుపు తిరుగుతోంది. తొట్టి నా కారు బానెట్ మీద ఉంది. మా నాన్న లెక్క గుర్తొచ్చింది. మా ఇద్దరిలో ముందు మాట్లాడింది ఆమే.